ప్యాంజర్-4 మీద మూడు రంగుల కామోఫ్లాజ్: ఏ నమూనా నమ్మాలి, అంచు ఎలా కొట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు ప్యాంజర్-4 (హెచ్ రకం, ‘ఆస్ఫ్ హెచ్’) టమియా కంపెనీ 1/35 ప్లాస్టిక్ కిట్ కొన్నారు. రష్యాలో జరిగిన కుర్స్క్ యుద్ధం నాటి, అంటే 1943 జూలై నాటి బండిలా కనబడాలి. డబ్బా మీది బొమ్మలో మచ్చలు ఒకలా ఉన్నాయి, నెట్‌లో దొరికిన ఫోటోల్లో ఇంకోలా ఉన్నాయి, మ్యూజియంలో ఉన్న బండి మరోలా ఉంది. ఏది నమ్మాలి? ఇక రెండో ప్రశ్న: 0.3 నాజిల్ ఎయిర్‌బ్రష్‌తో, 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మచ్చలు కొడుతుంటే అంచు పొగలా పాకుతోంది, ఏం చేయాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. 1943 జూలైలో ప్యాంజర్-4కు ఖరారైన నమూనా అంటూ ఏదీ లేదు. ఫ్యాక్టరీ నుంచి బండి ఒంటి పసుపు రంగులో వచ్చేది. మచ్చలు కొట్టుకున్నది యూనిట్ వాళ్లు. కాబట్టి నిజమైన ఒక్క బండి ఫోటో ఎంచుకుని దాన్నే అనుసరించండి. నాలుగు ఫోటోల్లోంచి నచ్చినవి ఏరి కలిపారంటే అది ఏ బండీ కాదు. అంచు సంగతికొస్తే, మీ ప్రెషర్ రెట్టింపు ఉంది, రంగు చిక్కగా ఉంది, చెయ్యి దూరంగా ఉంది. 8–10 పీఎస్‌ఐ, ఒక పాలు రంగుకు రెండున్నర పాళ్లు థిన్నర్, మోడల్‌కు సెంటీమీటరు దూరం. ఇక్కడ మొదలుపెట్టండి.

ఇప్పుడు ఎందుకో చూద్దాం.

రంగు సీసా కొనేముందు తేదీ తేల్చుకోండి

1943 ఫిబ్రవరి 18 నాటి ఉత్తర్వుతో జర్మన్ సైన్యం అప్పటిదాకా వాడిన ముదురు బూడిద రంగును (రాల్ 7021; రాల్ అంటే జర్మన్ రంగుల ప్రామాణిక అంకెల పట్టిక) పక్కనబెట్టి, డుంకెల్‌గెల్బ్ అనే ముదురు పసుపును అడుగు రంగుగా తీసుకుంది. దాని మీద మచ్చలకు ఓలివ్‌గ్రూన్ (ఆలివ్ ఆకుపచ్చ, రాల్ 6003), రోట్‌బ్రౌన్ (ఎర్ర గోధుమ, రాల్ 8017) రంగుల్ని డబ్బాల్లో ముద్దగా యూనిట్లకు పంపేవాళ్లు. ఆ ముద్దను పెట్రోలుతోనో నీళ్లతోనో పల్చన చేసుకుని, కంప్రెసర్ ఉంటే స్ప్రే గన్‌తో, లేకపోతే బ్రష్షుతో వేసుకోవాలి.

మోడల్ చేసేవాళ్లకు కావలసినదంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది. ఒకే కంపెనీలో రెండు బండ్లు ఒకేలా ఎందుకుండవంటే, కొట్టిన చెయ్యి వేరు, కలిపిన పాళ్లు వేరు. కొన్ని ఫోటోల్లో మచ్చ కింద పసుపు తొంగిచూస్తుంటుంది, రంగు పల్చన కాబట్టి. నీళ్లతో కలిపిన రంగు గట్టిగా పట్టేది కాదు, వానకు కారిపోయేది. కాబట్టి మచ్చ మధ్యలో రంగు ఒకే చిక్కదనంతో ఉండకపోవడం తప్పు కాదు, అసలు ఉండాల్సిందే అలా.

తర్వాతి సంగతులు వేరు. 1944 ఆగస్టు 19 నాటి ఆదేశంతో మచ్చలు కొట్టే పని ఫ్యాక్టరీలకు వెళ్లింది. పెద్ద మచ్చల మీద చిన్న చుక్కలు పెట్టే ‘ఆంబుష్’ పద్ధతి ఆ కాలానిదే. 1944 చివరి నెలల్లో ఎర్ర ప్రైమర్‌నే అడుగుగా వదిలేసి మీద పసుపు, ఆకుపచ్చ పొదుపుగా వేశారు. ఇవేవీ మీ బండికి పనికిరావు.

మీరు పెట్టిన మూడు ఫోటోల్లో రెండోదాని టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) మీద దువ్వెనతో గీసినట్టు గాట్లు కనిపిస్తున్నాయి, గమనించారా? అది జిమరిట్, అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా పూసిన పూత. దాన్ని ఫ్యాక్టరీల్లో వేయడం 1943 సెప్టెంబరు నుంచి మొదలైంది, 1944 సెప్టెంబరులో ఆపేశారు. జిమరిట్ ఉన్న బండి కుర్స్క్‌లో ఉండే అవకాశమే లేదు. ఆ ఫోటో తీసేయండి. మీ కిట్ జిమరిట్ లేని తొలి రకం హెచ్, మీరనుకున్న తేదీకి సరిగ్గా సరిపోతుంది.

ఫోటో చదవడం

జర్మన్ ప్రభుత్వ ఆర్కైవ్ బుండెసార్కివ్ 2008 డిసెంబరులో దాదాపు లక్ష ఫోటోలు వికీమీడియా కామన్స్‌కు ఇచ్చింది. అందులో ‘బిల్డ్ 101ఐ’ నంబర్లతో మొదలయ్యేవి యుద్ధకాలపు ప్రచార విభాగం ఫోటోగ్రాఫర్లు తీసినవి. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. ఫోటో కింద రాసిన వివరణను గుడ్డిగా నమ్మొద్దు. తేదీలు, ఊళ్ల పేర్లు తప్పుపడిన సందర్భాలు ఉన్నాయి. బండి మీద ఉన్న భాగాలతో సరిచూసుకోవాలి.

నలుపు తెలుపు ఫోటోలో ఆకుపచ్చా గోధుమా వేరుచేయడం చాలాసార్లు కుదరదు. పాంక్రోమాటిక్ (అన్ని రంగుల వెలుతురునూ పట్టే) ఫిల్ము మీద ఈ రెండు రంగులూ దాదాపు ఒకే బూడిద ఛాయలో పడతాయి. ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు కాబట్టి దానిమీద రోట్‌బ్రౌన్ ఇంకా నల్లగా వస్తుంది. పసుపు మీద ఒకే ముదురు ఛాయ కనిపిస్తే రెండు అవకాశాలు: అది రెండు రంగుల బండి కావచ్చు, మూడు రంగులుండి రెండు కలిసిపోయి కనబడుతూ ఉండొచ్చు. ఫోటోలో మచ్చలు ఒకదాన్నొకటి దాటుతున్న చోట చిన్న ఛాయాభేదం ఉందేమో పెద్దది చేసి చూడండి. లేకపోతే పసుపు, ఆకుపచ్చ రెండే వేయండి. ఎవరూ వేలు పెట్టి చూపలేరు, పైగా చూడ్డానికి బాగుంటుంది. అగ్ఫాకలర్ రంగు ఫోటోలు దొరికితే సంతోషమే, కానీ ఎనభై ఏళ్లకు ఆ ఫిల్ము రంగు మారింది. స్కానర్ ఇంకొంత మార్చింది. మచ్చ ఎక్కడుందో వాటిలో చూడండి, ఏ ఛాయో చూడొద్దు.

కొలత తీసుకోడానికి మంచి స్కేలు బండి మీదే ఉంది. ప్యాంజర్-4 చిన్న చక్రం వ్యాసం 470 మి.మీ. 1/35లో అది 13.4 మి.మీ. ఫోటోలో చక్రాన్ని స్కేలుతో కొలవండి, పక్కనున్న మచ్చ వెడల్పును కొలవండి, రెండింటి నిష్పత్తి తీయండి. పట్టీ చక్రంలో సగం ఉంటే మీ మోడల్ మీద 6.5–7 మి.మీ. పట్టీ రావాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ఏంటంటే మచ్చలు మరీ చిన్నగా, మరీ ఎక్కువగా కొట్టేస్తారు. కంటికి కొలత తెలియకపోతే చెయ్యి ఎప్పుడూ ఖాళీ నింపడానికే చూస్తుంది. టరెట్ ఒక పక్క మూడు నాలుగు పట్టీలకు మించి ఉన్న ఫోటోలు తక్కువే.

ఒక పక్క ఫోటోనే దొరుకుతుంది, రెండో పక్క ఎలా అనేది అందరికీ వచ్చే సందేహం. చూసిన పక్కలోని లయ పట్టుకోండి: పట్టీలు నిలువుగా ఉన్నాయా, ఏటవాలుగానా, ఎంత ఎడంగా, ఎంత వెడల్పుగా. అదే చేతితో రెండో పక్క గీయండి. అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టొద్దు.

మ్యూజియం బండి గురించి. బోవింగ్టన్ అయినా, సోమూర్ అయినా, కుబింకా అయినా అక్కడి బండ్లలో ఎక్కువ భాగం మళ్లీ రంగులేసినవే, కొన్నింటికి పలుమార్లు వేశారు. భాగాల ఆకారం, బోల్టుల లెక్క, వెల్డింగు గీత కోసం వాటిని మించింది లేదు. రంగు కోసం మాత్రం వద్దు. మన దగ్గరా అంతే. ట్యాంక్‌బండ్ మీద పెట్టిన ప్యాటన్ ట్యాంకు దగ్గర నిలబడితే పోత ఉక్కు గరుకుదనం, ట్రాక్ లింకు మందం కళ్లారా చూడొచ్చు. దాని రంగు బహిరంగ ప్రదర్శన కోసం వేసే ఎనామిల్, యుద్ధానికి సంబంధం లేదు. రిపబ్లిక్ డే పరేడ్ ఫోటో చూసి అర్జున్ ట్యాంకు చేసేవాళ్లూ ఇది గుర్తుపెట్టుకోవాలి. పరేడ్ బండి అంటే అప్పుడే రంగేసి తుడిచిన బండి.

రంగులు, పాళ్లు

రాల్ అంకెల్లో మొదటిది రంగు కుటుంబాన్ని చెప్తుంది: 1 పసుపు, 6 ఆకుపచ్చ, 7 బూడిద, 8 గోధుమ. డుంకెల్‌గెల్బ్ అంకె 7028. పేరు పసుపు, కుటుంబం బూడిద. మామిడిపండు పసుపులా కొడితే ఎందుకు తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎండిన గడ్డిలో కొంచెం మురికి ఆకుపచ్చ కలిసినట్టు ఉండాలి. నేటి రాల్ కార్డులో 7028 లేదు. 8017 ఉంది గానీ, ఇప్పుడది చాక్లెట్ గోధుమ, యుద్ధకాలపు రంగు ఇంకా ఎర్రగా ఉండేది. హార్డ్‌వేర్ షాపు రాల్ కార్డు పట్టుకుని రంగు కలిపించేవాళ్లు అక్కడ దెబ్బతింటారు.

టమియా అక్రిలిక్‌తో నేను కలిపే పాళ్లు ఇవి, చుక్కల లెక్కలో:

అడుగు పసుపు: ఎక్స్ఎఫ్-60 డార్క్ ఎల్లో 8, ఎక్స్ఎఫ్-57 బఫ్ 2. ఉన్నదున్నట్టు సీసాలోంచి వేస్తే 1/35కి ఒక పిసరు ముదురు.

గోధుమ: ఎక్స్ఎఫ్-64 రెడ్ బ్రౌన్ 8, ఎక్స్ఎఫ్-60 రెండు.

ఆకుపచ్చ: ఎక్స్ఎఫ్-61 డార్క్ గ్రీన్ 6, ఎక్స్ఎఫ్-60 మూడు. సీసాలోని 61 ఒట్టిదే వేస్తే మచ్చలు నల్లగా, రంధ్రాల్లా కనిపిస్తాయి.

రెండు మచ్చ రంగుల్లోనూ అడుగు పసుపు కలపడం ఊరికే కాదు. మూడు రంగులకూ ఒక సామాన్య అంశ దొరికి ఒక్క బండి మీదివే అన్నట్టు కలుస్తాయి. టమియా తర్వాత తెచ్చిన ఎక్స్ఎఫ్-88, 89, 90 కూడా ఈ మూడు రంగులకే. అవి వాడినా సరే, కొంచెం తేలిక చేసుకోండి. చివరి మాట: రంగు చూసేది రాత్రి పసుపు బల్బు కింద కాకుండా, 5000–6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కిందో కిటికీ పక్కనో చూడండి.

అంచు ఎంత మెత్తగా ఉండాలి

స్ప్రే గన్‌తో కొట్టిన అసలు బండి మీద రంగు పూర్తి చిక్కదనం నుంచి సున్నాకు జారే దూరం చాలా ఫోటోల్లో 5 నుంచి 10 సెంటీమీటర్లు. 35తో భాగిస్తే 1.4 నుంచి 2.9 మి.మీ. మీ అంచు ఈ మధ్యలో ఉండాలి. మీరు పంపిన ఫోటోలో అంచు 6 మి.మీ. పాకింది. అసలు బండి మీద అది 21 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు పొగ. అందుకే మీ మోడల్ బొమ్మలా కనిపిస్తోంది. రంగుల తప్పు కాదు.

ఇదే లెక్క 1/72కి వేస్తే 0.7–1.4 మి.మీ. వస్తుంది. ఆ సైజులో చేతితో అది కొట్టడం కష్టం. దాదాపు గట్టి అంచు వేయడమే కంటికి నిజంగా కనబడుతుంది.

పని వరుస

కిట్ భాగాల్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. మిస్టర్ సర్ఫేసర్ 1500ని లెవెలింగ్ థిన్నర్‌తో సగం సగం కలిపి 18–20 పీఎస్‌ఐతో ప్రైమర్ వేయండి, ఒక రాత్రి వదిలేయండి. అడుగు పసుపు: రంగు 4, థిన్నర్ 6, 15 పీఎస్‌ఐ, 5–7 సెంటీమీటర్ల దూరం, మూడు పల్చటి పూతలు. బండి పక్కలకు తగిలించే రేకుల్ని ఇప్పటికి విడిగా పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

మచ్చలు కొట్టేముందు 2బీ పెన్సిల్‌తో, ఒత్తకుండా, ఫోటో చూసి గీతలు పెట్టుకోండి. రంగు కింద పోతాయి, బయట మిగిలినవి రబ్బరుతో పోతాయి.

ఇప్పుడు కప్పులో గోధుమ రంగు 8 చుక్కలు, థిన్నర్ 20 చుక్కలు, రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా ఆపేది) ఒక చుక్క. థిన్నర్‌గా టమియా ఎక్స్-20ఏ పనిచేస్తుంది. లాకర్ థిన్నర్ గానీ మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ గానీ ఇంకా మెత్తగా పరుచుకుంటుంది. ప్రెషర్‌ను ట్రిగ్గర్ నొక్కి గాలి పోతుండగా చూసి 8–10కి పెట్టండి. గాలి ఆగి ఉన్నప్పుడు మీటరు చూపే అంకె వేరు, పోతున్నప్పుడు అంకె వేరు. చాలామంది ‘నేనూ 10లోనే పెట్టాను’ అంటారు, అది ఆగి ఉన్నప్పటి పది. సూది చివరి మూత తీసేస్తే ఇంకా దగ్గరగా వెళ్లొచ్చు. కానీ సూది వంగే ప్రమాదం మీదే.

ఎయిర్‌బ్రష్‌ను బండికి నిలువుగా పట్టుకోండి. ఏటవాలుగా పడితే ఒక పక్క అంచు పదునుగా, రెండో పక్క పొగగా వస్తుంది. ముందు గాలి, తర్వాత వెంట్రుకవాసి రంగు. మొదట కాగితం మీద, తర్వాత పాత ప్లాస్టిక్ ముక్క మీద కొట్టి చూసుకుని, అప్పుడు బండి మీదికి రండి. మచ్చ అవుట్‌లైన్‌ను లోపలి వైపు నుంచి గీయండి, అంటే గీత మధ్యభాగం పెన్సిల్ గీతకు ఒక మిల్లీమీటరు లోపల ఉండాలి. తర్వాత లోపలంతా చిన్న చిన్న చుట్లతో నింపండి. మొదటి చుట్టుకే రంగు పూర్తిగా కనబడితే మీ కలయిక చిక్కన అని అర్థం. మూడు నాలుగు చుట్లకు నిండాలి.

గోధుమ అయ్యాక ఆకుపచ్చ. రెండూ తాకే చోట ఒకదానిమీద ఒకటి ఎక్కనివ్వండి, మధ్యలో పసుపు సందు వదిలి జాగ్రత్తగా కొట్టిన బండి యూనిట్ చేతిపనిలా ఉండదు.

చివర్లో దిద్దుబాటు. అడుగు పసుపు 1, థిన్నర్ 9 పెట్టి, పొగ ఎక్కువైన అంచు బయట నుంచి కొట్టుకుంటూ రండి. ఇది తప్పు సరిదిద్దడం మాత్రమే అనుకోవద్దు, పనిలో సగం అంచు ఇక్కడే తయారవుతుంది. ఎప్పుడూ ఆరోసారి దిద్దుబాటు దగ్గర ఆపండి. ఏడోసారికి పసుపు మందంగా పేరుకుని రివెట్లు మునుగుతాయి.

తేడా వస్తే, ఎందుకు

సాలీడు కాళ్లలా రంగు చీలి పరిగెడితే: రంగు మరీ పల్చన, లేదా మీరు ఒకే చోట ఆగిపోయారు, లేదా ట్రిగ్గర్ ఎక్కువ లాగారు. చెయ్యి కదిలాకే రంగు తెరవాలి, ఆగకముందే మూయాలి.

ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తే: రంగు గాలిలోనే ఆరిపోతోంది. దగ్గరికి జరగండి, ప్రెషర్ తగ్గించండి, రిటార్డర్ ఇంకో చుక్క వేయండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవడమే తప్పు. తెల్లవారుజామునో రాత్రో చేసుకోండి.

ఉమ్మినట్టు చుక్కలు పడితే: సూది కొసన రంగు గడ్డకట్టింది. థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ప్రతి రెండు మూడు నిమిషాలకు ఒకసారి తుడవండి. బండికేసి కాకుండా పక్కకు ఒకసారి ఊది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టండి.

లాకర్ మీద తెల్లటి మబ్బు పడితే: గాలిలో తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో ఇది మామూలే. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి తేమ పట్టుకుంటుంది. ఆరాక మళ్లీ ఒట్టి లెవెలింగ్ థిన్నర్ పల్చగా కొడితే చాలాసార్లు పోతుంది. ఏసీ గదిలో గంట సేపు బండినీ రంగునూ ఉంచి చేస్తే చాలావరకు రాదు. కంప్రెసర్‌కు నీటి ట్రాప్ తప్పనిసరి.

ఇంకొకటి. పెయింటు షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ చవకగా ఉందని రంగులో కలపొద్దు, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఎయిర్‌బ్రష్ లోహ భాగాలు కడగడానికి వాడుకోవచ్చు, రబ్బరు వాషర్లు తీసేసి. లాకర్ కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు దండగ. ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి.

మోడల్‌కు ప్రాణం పోసే చోట్లు

పక్క రేకుల దగ్గరికి వద్దాం. షుర్ట్సెన్ అనే ఈ 5 మి.మీ. మందం పలకలు కొక్కేలకు తగిలించి ఉండేవి, ఊడిపోయేవి, పక్క బండి నుంచి తెచ్చి తగిలించేవాళ్లు. యూనిట్ వాళ్లు రేకులు తగిలించి ఉండగానే స్ప్రే కొట్టి ఉంటే, రేకు వెనక హల్ (బండి ప్రధాన శరీరం) పక్క పసుపుగానే ఉంటుంది. కాబట్టి: రేకుల్ని తాత్కాలికంగా వాటి చోట అంటించి మచ్చలు కొట్టండి, తర్వాత విప్పండి. ఒక రేకు ఊడిపోయినట్టు చూపిస్తే, ఆ సందులో ఒట్టి పసుపు హల్ కనిపించాలి. ఒక రేకును మాత్రం విడిగా, వేరే నమూనాతో కొట్టి తగిలిస్తే పక్క రేకు గీతతో అతకదు. వేరే బండిది తెచ్చారని వెంటనే తెలుస్తుంది. రెండు రేకులు అలా చేస్తే అతి.

చక్రాలు: బండి నిలబెట్టి స్ప్రే కొట్టారు కాబట్టి పై సగానికి రేకు అడ్డం. మచ్చ కింద భాగంలో మాత్రమే అప్పుడప్పుడూ తాకుతుంది. మార్చిన చక్రం ఒకటి ఒట్టి పసుపులో, ఇంకోటి పాత బూడిద రంగులో వేస్తే కథ చెప్పకుండానే చెప్తుంది. బూడిద చక్రం 1943 వేసవికి నప్పుతుంది, 1944 చివరికి నప్పదు.

శిలువ గుర్తు, టరెట్ నంబరు: మచ్చల కంటే ముందే వేసి ఉంటే, మనుషులు దాని చుట్టూ కొట్టేవాళ్లు. నంబరు చుట్టూ పసుపు చతురస్రం మిగిలిన ఫోటోలున్నాయి. డెకాల్ (తడిపి అంటించే గుర్తు స్టిక్కరు) సైజుకు మాస్కింగ్ టేపు ముక్క కోసి ముందే అంటించి, మచ్చలు కొట్టి, తీసి, ఆ పసుపు మీద డెకాల్ పెట్టండి. టేపు అంచు ఖచ్చితంగా తిన్నగా రాకుండా చూసుకోండి. స్ప్రే గన్‌తో చుట్టూ కొట్టిన మనిషి స్కేలు పెట్టలేదు.

రంగు గీరుకుపోయిన చోట కింద ఏముందో కూడా తేదీయే చెప్తుంది. 1943లో కొత్తగా తయారైన బండికి పసుపు కింద ఎర్ర ప్రైమర్ (రాల్ 8012). ఫిబ్రవరికి ముందు తయారై మళ్లీ రంగేసిన బండికి పసుపు కింద బూడిద. మీ హెచ్ కొత్త బండి, కాబట్టి బూడిద వద్దు. గీరులు హ్యాచ్ అంచులకు, ఫెండర్ మూలలకు, మనుషులు కాలు పెట్టే చోట్లకు పరిమితం చేయండి. యుద్ధానికి రెండు మూడు నెలల ముందు ఫ్యాక్టరీ దాటిన బండి అది, తుప్పు ముద్దలకు టైము లేదు.

కలపడం, దుమ్ము

మచ్చలు కొట్టగానే మూడు రంగులూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి. ఆందోళన పడొద్దు. మెరుపు వార్నిష్ (గ్లాస్) కోటు వేసి డెకాల్ పెట్టి, 24 గంటలు ఆరాక, బఫ్ ఆయిల్ కలర్‌ను వైట్ స్పిరిట్‌లో 5 శాతం మాత్రమే కలిపి పల్చటి ఫిల్టర్ (రంగులన్నిటినీ కలిపే పొర) వేయండి. ఆయిల్ కలర్‌ను ముందు అట్టముక్క మీద అరగంట ఉంచితే అందులో ఎక్కువ నూనె అట్ట పీల్చేస్తుంది, మెరుపు రాదు. ఫిల్టర్ బ్రష్షును తడిపి, టిష్యూ మీద దాదాపు ఆరబెట్టి, అప్పుడు పూయండి. మడుగులు కట్టకూడదు. మూడు రంగులూ ఒక మెట్టు దగ్గరకొస్తాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక: వైట్ స్పిరిట్, టర్పెంటైన్ అతుకుల్లోకి ఇంకితే, లాగి పెట్టి అతికించిన ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది. సస్పెన్షన్ చేతులు, ఫెండర్ బ్రాకెట్లు ముందు పోతాయి. హల్ అడుగు భాగాన్ని వాష్‌లో (పల్చటి రంగు ద్రావణంలో) ముంచొద్దు.

కుర్స్క్ నేల నల్లరేగడి లాంటి చెర్నోజెమ్. తడిగా ఉంటే నల్లన, ఎండి దుమ్మయితే బూడిద కలిసిన లేత గోధుమ. ఎర్రమట్టి రంగు పిగ్మెంటు వేస్తే మన పొలంలో తిరిగిన బండిలా ఉంటుంది. హల్ కింది మూడో వంతులో దుమ్ము మచ్చల్ని మింగేయాలి, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి. ఇంజిన్ డెక్ మూలల్లో, హ్యాచ్ చుట్టూ కొంచెం. అంత కష్టపడి కొట్టిన మచ్చల్ని దాచాలంటే మనసొప్పదు, తెలుసు. అయినా దాచండి.

టేపు, పుట్టీ ఎప్పుడు

అంచులకు బ్లూ-టాక్ (జిగురు పుట్టీ) తాడులా చుట్టి పెట్టి కొట్టడం గురించి కూడా అడిగారు. మీ బండికి వద్దు. ఆ పద్ధతి గట్టి అంచు కావలసిన వాటికి. ఉదాహరణకు జర్మన్ సైన్యం బుండెస్వేర్ 1980ల మధ్యలో తెచ్చిన నేటో మూడు రంగులు: కంచు ఆకుపచ్చ రాల్ 6031, తోలు గోధుమ రాల్ 8027, తారు నలుపు రాల్ 9021. అక్కడ ప్రతి బండి రకానికీ ఖరారైన డ్రాయింగ్ ఉంది, లెపర్డ్-2 చేస్తే ఎక్కడ నలుపు మొదలై ఎక్కడ ఆగాలో ఆ డ్రాయింగే చెప్తుంది. కుర్స్క్ ప్యాంజర్‌కు ఆ సౌకర్యం లేదు, ఆ కట్టుబాటూ లేదు.

మీరు ఇప్పటికే కొట్టిన టరెట్ చెడిపోయిందని అనుకోవద్దు. పసుపు 1:9 దిద్దుబాటుతో పొగను 2 మి.మీ. దాకా వెనక్కి నెట్టొచ్చు. పూర్తిగా విప్పి కడగడం ఎందుకు, ముందు ఒక పక్క మీద ప్రయత్నించి, అదే వెలుతురులో, అదే దూరం నుంచి ఇంకో ఫోటో పెట్టండి.